టీచరమ్మకు ఉత్తరం: బడి టూర్‌కి పంపాలా, వద్దా?

పోయిన నెల ఈ పేజీలో బడి టూర్ల గురించి మీ అనుమానాలు రాయమన్నాం. పోస్టులో కొన్ని, వాట్సాప్‌లో బోలెడు వచ్చాయి. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే ఒకరిదే తీసుకున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊర్లు మాత్రమే వేస్తున్నాం. నన్ను ఎరగని కొత్త పాఠకులకు ఒక్కమాట. నేను కర్నూలు జిల్లాలో ప్రభుత్వ హైస్కూళ్లలో 31 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఆ 31 ఏళ్లలో 22 సార్లు పిల్లల్ని బస్సెక్కించాను. కింద రాసినవాటిలో సగం, తప్పు చేసి తెలుసుకున్నవే.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. బడివాళ్లు రెండు రోజుల హైదరాబాద్ టూర్ అంటున్నారు. మనిషికి 3,500 రూపాయలు. జూ, మ్యూజియం, కోట, వాటర్ పార్క్, ఇంకా ఏవేవో కలిపి ఎనిమిది చోట్లు చూపిస్తారట. మా ఆయనేమో 'బడివాళ్లతో తిరిగితే చదువొస్తుందా, ఆ డబ్బు దాచుకుంటే ఎండాకాలం మనమే పోయి రావచ్చు' అంటున్నారు. పాప మూడు రోజులుగా అలిగి సరిగా అన్నం తినడంలేదు. ఏం చేయమంటారు? (ఒక అమ్మ, ప్రొద్దుటూరు)

జవాబు: అమ్మా, ముందు అలక సంగతి. ఏడో తరగతి పిల్లకు టూర్ అంటే జూ కాదు, స్నేహితురాలి పక్క సీటు. ఎండాకాలం మీరు కారు మాట్లాడుకుని పోయినా ఆ సీటు దొరకదు. ఆ ఒక్క విషయంలో పాప వైపే న్యాయముంది.

చదువు విషయంలో మాత్రం మీ ఆయన అనుమానం కొట్టిపారేసేది కాదు. రెండు పగళ్లలో ఎనిమిది చోట్లంటే బస్సు దిగడం, లైన్లో నిలబడడం, బాత్‌రూమ్, గ్రూప్ ఫొటో, మళ్లీ బస్సెక్కడం. అంతే. నేనూ ఒకసారి ఇట్లాంటి టూరే చేశాను. తిరిగొచ్చాక మ్యూజియంలో ఏం చూశావురా అని ఒకణ్ణి అడిగితే 'ముందు పోతున్నోడి బ్యాగు చూసినా టీచర్' అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు.

సరిగ్గా చూపిస్తే ఏమవుతుందో కూడా చెప్తాను. అమెరికాలో అర్కాన్సాస్ అనే రాష్ట్రంలో 2011లో ఒక పెద్ద చిత్రకళా మ్యూజియం తెరిచారు. బడులనుంచి లెక్కలేనన్ని దరఖాస్తులు వచ్చాయి. అందరికీ చోటు లేక లాటరీ తీశారు. అక్కడి యూనివర్సిటీ వాళ్లు దీన్ని అవకాశంగా తీసుకుని 123 బడుల్లో దాదాపు 11,000 మంది పిల్లల్ని పరిశీలించారు. పోయొచ్చినవాళ్లనూ, ఇంకా వంతు రానివాళ్లనూ పోల్చి చూశారు. పోయొచ్చినవాళ్లు ఒక కొత్త చిత్రం చూపిస్తే అందులో ఇంకా ఎక్కువ గమనించి రాయగలిగారు. పాతకాలం మనుషులు ఎట్లా ఉండేవాళ్లో ఊహించడంలోనూ మెరుగ్గా ఉన్నారు. ఆ తేడా పల్లెబడుల పిల్లల్లో, పేద పిల్లల్లో ఇంకా ఎక్కువగా కనబడింది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే ఉంది. అంత పెద్ద మ్యూజియంలో ఒక గంటలో ఆ పిల్లలకు చూపించింది దాదాపు ఐదు చిత్రాలే. ఒక్కోదాని ముందు నిలబెట్టి మాట్లాడించారు. వారాలు గడిచాక అడిగినా ఆ చిత్రాల్లో ఏముందో, దాని వెనక కథేమిటో పిల్లలు చెప్పగలిగారు.

మన దగ్గరి మాటే చెప్తాను. ఒక ఏడాది ఎనిమిదో తరగతిని బెలుం గుహలకు తీసుకుపోయాను. ఆ రోజుకు అదొక్కటే. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర మనం తిరగొచ్చు. లోపల ఉక్క. చొక్కాలు తడిసిపోయాయి. గుహలో అన్నిటికంటే లోతున ఉన్న పాతాళగంగ దాకా దిగి, ఎక్కి, నీళ్లసీసాలన్నీ ఖాళీ చేసి బయటపడ్డాం. ఇంత రాయిని నీళ్లెట్లా తొలిచాయో చెప్పాను. వానచినుకు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది, ఆ పులుపు సున్నపురాయిని కరిగిస్తుంది, లక్షల ఏళ్లు కరిగిస్తే ఇదిగో ఇట్లా. పిల్లలు తలలూపారు. తలలూపితే అర్థమైనట్టు కాదని టీచర్లందరికీ తెలుసు.

పదిహేను రోజుల తర్వాత ఒక పిల్ల క్లాసు మధ్యలో లేచింది. 'టీచర్, మా అమ్మ బండల మీద నిమ్మకాయ పిండింది. తుడిచినా తెల్లమచ్చ పోలేదు. మా ఇంటి బండ కూడా గుహ రాయేనా?' అనింది. అవును, అదే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు నుంచి వచ్చే నాపరాయి సున్నపురాయే. మన ఇళ్లలో సగం దాని మీదే నడుస్తాయి. ఆ రోజు సైన్స్ సార్‌ను పిలిచి విరిగిన నాపరాయి ముక్క మీద ల్యాబ్‌లోని యాసిడ్ ఒక చుక్క వేయించాం. బుసబుసా పొంగింది. ఆ పిల్ల గుహకు రాకుంటే నిమ్మకాయ మచ్చకు తిట్లు పడేవి, అంతటితో అయిపోయేది.

కాబట్టి 3,500 అప్పు చేయకుండా చేతిలో ఉంటే పంపండి. కానీ ముందు బడికి పోయి ఎనిమిదిలో ఐదు తీసేయమని అడగండి. మీతోపాటు ఇంకో నలుగురు తల్లులను తీసుకుపోండి. ఒక్కరు అడిగితే గొణుగుడు అంటారు, ఐదుగురు అడిగితే వింటారు. మిగిలే మూడింట్లో వాటర్ పార్క్ ఉండేలా చూడండి, లేకుంటే మీ పాప నన్ను తిట్టుకుంటుంది.

ప్రశ్న: నేను మార్కెట్ యార్డులో హమాలీ పని చేస్తాను. నా కొడుకు ఎనిమిది చదువుతున్నాడు. టూర్‌కి 1,200 కట్టమన్నారట. వాడు నాకు చెప్పలేదు. 'నాకు కడుపునొప్పి వస్తాది, నేను పోను' అని వాళ్లమ్మతో అన్నాడు. వాడి స్నేహితుడు చెప్తే అసలు సంగతి తెలిసింది. అప్పు చేసి పంపేదా? (ఒక తండ్రి, ఆదోని)

జవాబు: తమ్ముడూ, అప్పు చేయొద్దు. వాడి దగ్గర ఆ కడుపునొప్పి మాట ఎత్తొద్దు, అది మీ కోసం వచ్చిన నొప్పి.

నా తప్పొకటి చెప్తాను. 1994లో నేను కొత్త టీచర్ని. క్లాసులో 50 మంది. మహానంది, యాగంటి టూర్‌కి 41 మంది డబ్బు కట్టారు. తొమ్మిదిమంది కట్టలేదు. 'ఇష్టంలేదేమో' అనుకున్నాను. నిజానికి అనుకోలేదు, అనుకోవడం సులువు కాబట్టి అట్లా సర్దుకున్నాను. తిరిగొచ్చిన సోమవారం అందరికీ వ్యాసం ఇచ్చాను, 'నేను చూసిన మహానంది' అని. అందరికంటే బాగా రాసింది ఒక పిల్లోడు. కోనేటి నీళ్లు అద్దంలా ఉన్నాయని, అడుగున పడిన రూపాయి బిళ్ల మీద అంకె కూడా కనబడిందని, నీళ్లలో దిగితే కాళ్లు జిల్లుమన్నాయని రాశాడు. నేను మురిసిపోయి క్లాసులో గట్టిగా చదివాను. వెనక బెంచీ నుంచి ఒకడు 'టీచర్, వాడు రాలేదు' అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు తల దించుకున్నాడు. బస్సులో పోయొచ్చినవాళ్లను ఆదివారమంతా అడిగి అడిగి రాసుకున్నాడట. ఆ నోటుబుక్కు ఎర్రరంగు అట్ట నాకిప్పటికీ కళ్లముందు ఉంది.

ఆ తర్వాత నేను పెట్టిన ఏ టూర్లోనూ ఎవర్నీ వెనక వదల్లేదు. అందుకు గొప్ప ఉపాయమేమీ లేదు. ముందు దూరం తగ్గించాను. హోటల్ భోజనం తీసేశాను. ఇంటినుంచి సద్ది తెచ్చుకోమన్నాను, జొన్నరొట్టె, చిత్రాన్నం, వేరుశనగ బుడ్డల పొడి, ఏది ఉంటే అది. నలుగురూ కలిసి కూర్చుని పంచుకుంటే ఎవరిది తక్కువో ఎవరికీ తెలియదు. బస్సు ఖర్చు మొత్తం లెక్కగట్టి, ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చింది పోగా తక్కువపడిన దానికి ఊళ్లో అంగళ్లవాళ్లను, ఆ బడిలో చదివి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లను అడిగాను. అడగడానికి మొదటిసారి సిగ్గేసింది. రెండోసారి వెయ్యలేదు.

మీరు బడికి పోయి హెడ్‌మాస్టర్‌తో ఒంటరిగా మాట్లాడండి. 'నా శక్తి ఇంత, ఇంతవరకు కడతాను' అని చెప్పండి. బతిమాలినట్టు అక్కర్లేదు. ఆయనకు నా ఈ పేజీ చూపించండి.

ఆదోని వైపు టీచర్లకు పక్కనుంచి ఒక మాట. సంక్రాంతి దాటాక టూర్ పెడితే, గుంటూరు మిరప కోతలకు సుగ్గి (కూలికి వలస) పోయిన ఇళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండరు. కార్తీకంలోనే పెట్టుకోండి.

ప్రశ్న: కోడుమూరు దగ్గర హైస్కూల్లో పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో 62 మంది. ఒక్కరోజులో, తక్కువ ఖర్చుతో, పిల్లలకు నిజంగా పనికొచ్చే చోటు ఒకటి చెప్పండి. గుళ్లు ఎట్లాగూ వాళ్లు ఇంట్లోవాళ్లతో చూస్తారు. (ఒక సోషల్ టీచర్)

జవాబు: సార్, ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. ఎర్రగుడి. పత్తికొండ, గుత్తి మధ్యలో ఉంది. అశోకుడి శాసనాలున్న బండలు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటివి. పద్నాలుగు పెద్ద శాసనాలూ, వాటితో పాటు చిన్న శాసనాలూ ఒకేచోట ఉండడం దేశంలోనే అరుదు. సోషల్ పుస్తకంలో ఉండే అశోకుడు ఎక్కడో పాటలీపుత్రంలో ఉంటాడు. ఇక్కడ మన బుడ్డల చేల మధ్య ఉన్నాడు.

కానీ ఊరికే తీసుకుపోయి 'ఇవే శాసనాలు' అంటే పిల్లలకు గీతలు కనబడతాయి, ఐదు నిమిషాల్లో సెల్ఫీలు మొదలవుతాయి. నేను మొదటిసారి చేసింది అదే. రెండోసారి వారం ముందు నుంచే రోజుకొక బ్రాహ్మీ అక్షరం నల్లబల్ల మీద రాశాను. 'క' అంటే కూడిక గుర్తు. 'గ' అంటే గుడిసె కప్పు. 'ఠ' అంటే సున్నా. 'థ' అంటే సున్నా మధ్య చుక్క. ఈ నాలుగు చాలు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఈ లిపిని చదివేదాకా ఇవి ఏం చెప్తున్నాయో ఎవరికీ తెలియదని కూడా చెప్పాను. ఇక బండల దగ్గరికి పోగానే పిల్లలు కూడిక గుర్తుల కోసం పడ్డారు. 'టీచర్, ఇక్కడొక క!' 'ఇక్కడ రెండు!' అని ఒకటే గోల. పక్కన మేకలు మేపుకునే తాత భయపడి దూరంగా పోయాడు.

అక్కడొక వింత ఉంది. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి పోతాయి, కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి. దానికి పండితులు ఏదో గ్రీకు పేరు పెట్టారు. నేను ఆ పేరు చెప్పకుండా, 'వరుస అయిపోయినాక చెయ్యి ఎటు పోయిందో చూడండి' అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. క్లాసులో ఎప్పుడూ నోరు తెరవని ఒక పిల్లోడు, బడికి రావడం కంటే చేనికి పోవడం ఎక్కువ, వేలితో గాలిలో గీస్తూ 'మడక తిప్పినట్టుంది టీచర్' అన్నాడు. సాలు అయిపోగానే ఎద్దుల్ని తిప్పుకుని అక్కడినుంచే వెనక్కి దున్నుతూ వస్తాం కదా, అట్లా. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ గ్రీకు పేరుకు అర్థం కూడా అదే, దున్నే ఎద్దు మళ్లినట్టు అని. 27 పరీక్షల్లో వాడికి రాని మార్కు ఆ బండ దగ్గర వచ్చింది. సంతోషంలో నేను నీళ్లసీసా అక్కడే మరిచిపోయి వచ్చాను.

శాసనాల్లో ఏముందో పిల్లలకు కథలా చెప్పండి. ఒకదాంట్లో అశోకుడు తన వంటశాల లెక్క చెప్తాడు. ఇదివరకు రోజూ లక్షల జంతువుల్ని చంపేవాళ్లు, ఇప్పుడు మూడే, రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందు ముందు ఈ మూడూ చంపం అంటాడు. దీనిమీద పిల్లలు గంటసేపు వాదించుకున్నారు. రెండు నెమళ్లు ఎంతమందికి సరిపోతాయి, జింక ఏ రోజు, అసలు రాజు నిజమే చెప్పాడా. ఇంకొకదాంట్లో మనుషులకూ పశువులకూ వైద్యం, మూలికల చెట్లు, దారిలో బావులు. చిన్న శాసనంలో అమ్మానాన్నల మాట, గురువుల మాట వినమని ఉంది. అది నేను కొంచెం గట్టిగానే చదివాను.

జాగ్రత్తలు. నీడ తక్కువ, టోపీలు, తువ్వాళ్లు ఉండాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఫొటోలో బాగా పడాలని అక్షరాల మీద చాక్‌పీసు రుద్దే అలవాటు కొందరికి ఉంది, ఎవరినీ రుద్దనివ్వొద్దు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. అందరూ 'గుత్తి కోట పక్కనే కదా, అదీ చూసేయండి' అంటారు. వద్దు. కావాలంటే బస్సు పత్తికొండ మీదుగా పోయేటప్పుడు, 1827లో ఇక్కడ కలరా తగిలి చనిపోయిన గవర్నర్ థామస్ మన్రోను ముందు గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయిన కథ చెప్పండి. కథ చెప్పండి, బస్సు మాత్రం ఆపొద్దు.

ప్రశ్న: టీచరమ్మా, మమ్మల్ని లేపాక్షి తీసుకుపోయినారు. ఇప్పుడు మూడు పేజీల వ్యాసం రాయమంటున్నారు. నాకు బస్సులో అంత్యాక్షరి, స్తంభం కింద తువ్వాలు దూర్చింది తప్ప ఏమీ గుర్తులేదు. గూగుల్ చూసి రాస్తే మా సార్ కనిపెట్టేస్తారు. (తొమ్మిదో తరగతి విద్యార్థి, అనంతపురం)

జవాబు: నాన్నా, తువ్వాలుతోనే మొదలుపెట్టు. ఎవరి తువ్వాలు? ఏ రంగు? సాఫీగా పోయిందా, ఒక మూల తట్టుకుందా? తట్టుకుంటే అర్థమేంటి, స్తంభం మొత్తం వేలాడుతోందా, ఒక అంచున ఆనుకుని ఉందా? ఆ ఒక్కదానికే పేజీ నిండుతుంది, పైగా గూగుల్లో ఉండదు.

రెండో పేజీకి, పైకప్పు బొమ్మలు చూశావా? విజయనగర కాలంలో, పదహారో శతాబ్దంలో వేసిన రంగులు. అందులో ఆడవాళ్ల చీరల అంచులు, మగవాళ్ల తలపాగాలు ఎంత రకరకాలుగా ఉంటాయో. చూడలేదా? అయితే 'నేను పైకి చూడలేదు, ఎందుకంటే తువ్వాలు కోసం తోసుకుంటున్నాం' అని రాయి. మీ సార్ నవ్వుకుని మార్కులు వేస్తారు. మూడో పేజీకి సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం ఉంది. పైకప్పు లేని ఆ స్తంభాల మధ్య నిలబడినప్పుడు ఎండ తగిలిందా లేదా? అంత్యాక్షరిలో ఎవరు గెలిచారో కూడా చివర్లో వెయ్యి.

ప్రశ్న: మా అమ్మాయికి బస్సెక్కితే వాంతులు. టూర్ మాన్పించాలా? (నందికొట్కూరు)

జవాబు: మాన్పించొద్దు. పొద్దున పూరీలు పెట్టకండి, రెండు ఇడ్లీలు చాలు. ముందు సీటు ఇమ్మని టీచర్‌కు చెప్పండి. ఫోను చూడనివ్వొద్దు, కిటికీలోంచి దూరంగా చూడమనండి. మీ డాక్టరును అడిగి బయల్దేరే ముందు వేసుకునే మాత్ర తీసుకోండి. చేతిలో ఒక నిమ్మకాయ, నాలుగు కవర్లు. వాంతికంటే పక్కపిల్లలు 'ఛీ' అనడమే పిల్లల్ని ఎక్కువ బాధపెడుతుంది, అది టీచర్ చూసుకోవాలి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా నాన్న మగ్గం నేస్తారు. రాత్రి బయట ఉండే టూర్ అంటే 'ఆడపిల్లవు, వద్దు' అన్నారు. తమ్ముణ్ణి మాత్రం పోయిన ఏడాది పంపినారు. (ధర్మవరం)

జవాబు: తల్లీ, తమ్ముడి మాట రాసినప్పుడు నీ పెన్ను గట్టిగా నొక్కినట్టున్నావు, కాగితం అవతలికి అచ్చుపడింది. నీ కోపం సరైనదే. ఇప్పుడు ఈ కాగితం మీ నాన్నగారికి ఇవ్వు, మిగతాది ఆయన కోసం.

అన్నా, భయం ఉండడం తప్పు కాదు. కానీ భయానికి మందు వద్దనడం కాదు, అడగడం. టూర్లలో నాకు మూడు భయాలు ఉండేవి. రాత్రి ప్రయాణం, నీళ్లు, కొండ అంచు. 2022 అక్టోబరులో కేరళలో పాలక్కాడ్ జిల్లాలో బడిపిల్లల టూర్ బస్సు రాత్రిపూట ముందు పోతున్న బస్సును గుద్దుకుని 9 మంది చనిపోయారు. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతుండగా పైనున్న డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, హైదరాబాద్ నుంచి పోయిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఇక్కడ ఆడపిల్ల, మగపిల్లోడు తేడా ఏముంది? అంటే పోయిన ఏడాది అబ్బాయిని పంపేటప్పుడు కూడా మీరు అడగాల్సింది.

బడికి పోయి అడగండి. రాత్రి పది తర్వాత బస్సు నడుపుతారా? ఇద్దరు డ్రైవర్లున్నారా? ఎంతమంది టీచరమ్మలు వస్తున్నారు? పడుకునేది ఎక్కడ, ఆ గదుల్లో పిల్లలతో ఎవరుంటారు? బాత్‌రూమ్‌ల కోసం ఎక్కడెక్కడ ఆపుతారు? ఈ చివరిది చిన్న ప్రశ్నలా ఉంటుంది. ఆడపిల్లలు టూర్లో పొద్దుటి నుంచి నీళ్లు తాగరు, ఎందుకో మగవాళ్లకు తట్టదు. బాత్‌రూమ్ దొరకదన్న భయంతో. నేను బస్సు ఆపగానే ముందు దిగి బాత్‌రూమ్ చూసి వచ్చాకే పిల్లల్ని దించేదాన్ని. నా బ్యాగులో ఎప్పుడూ ప్యాడ్‌లు, ఒక పాత లంగా, పిన్నీసులు ఉండేవి. గండికోటలో ఒక పిల్ల మొదటిసారి పెద్దమనిషి అయింది. ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. ఆ పాత లంగా ఆ రోజు పనికొచ్చింది. వాళ్లమ్మకు ఫోన్ చేస్తే ముందు ఏడ్చి, తర్వాత 'లోయ చూసిందా టీచర్?' అని అడిగింది. చూసింది. పెన్నా లోయ అంచు పొడవునా కంచె ఉండదు, కాబట్టి అంచుకు పది అడుగుల ఇవతల బండల మీద అందరినీ కూర్చోబెట్టి చూపించాను. నిలబడి చూడడం, ఫొటోకు వెనక్కి అడుగులేయడం నిషేధం.

జవాబులు బాగుంటే పంపండి. బాగోకుంటే ఇద్దర్నీ ఆపండి.

ప్రశ్న: మా పక్క అడవి తప్ప చూడడానికి ఏమీ లేదు. మా హెడ్‌మాస్టర్‌ మైసూరు అంటున్నారు. (ఒక టీచర్, బద్వేలు)

జవాబు: మీ పక్క ఏమీ లేదా? ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదనుకునే పక్షి మీ పక్కనే ఉంది సార్. కలివికోడి. 1848లో జెర్డన్ అనే ఆయన లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే ఆ జాతి అంతరించిపోయిందని రాసేశారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దొరికించింది దుర్బీను కాదు, ఊళ్లో ఆ పిట్టను ఎరిగిన ఒకాయన. రాత్రిపూట తిరిగే పక్షి. దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

పోతే పిట్ట కనబడుతుందా అని అడగొద్దు, కనబడదు. అటవీ శాఖను అడిగి ఒక సాయంత్రం పొదల పక్కన అరగంట మాట్లాడకుండా కూర్చోబెట్టండి. ఏ చప్పుడు విన్నారో రాయించండి. అంతకు ముందు రోజు ఇంట్లో అవ్వాతాతలను అడిగి పది పిట్టల పేర్లు తెచ్చుకోమనండి. మైసూరు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: టూర్ అంటే టీచర్లకు ఫ్రీ ట్రిప్ కదా? (కడప)

జవాబు: ఫ్రీనే. ప్రతి చోట ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తలలు లెక్కపెట్టడం మాత్రమే మా పని. ఒక తల తగ్గితే వచ్చే టెన్షన్‌కు మాత్రం బిల్లు వేయలేం. పోయిన ఆషాఢానికి ముందు మా చెల్లెలి కొడుకు పెళ్లికి బస్సులో నంద్యాల పోయాం. డోన్ దగ్గర టీకి ఆపారు. అందరూ ఎక్కాక నేను వెనక నుంచి ముందుకు నడుస్తూ లెక్కపెడుతున్నాను. మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. 46 మంది ఉండాలి, 45 వచ్చింది. లేచి మళ్లీ లెక్కపెట్టాను. నన్ను నేను కలుపుకోలేదు.